కొయ్యపనికి తీగ గల యంత్రమా? తీగ లేని యంత్రమా?



మన ఇండ్లలో కొయ్యసామాను లేని గది కానరాదు. వీధితలుపు మొదలుకొని దేవతార్చన మందసము వరకు, పీటలు, మంచములు, అలమారలు, పెట్టెలు, వీనినన్నిటిని దినదినము తుడుచునదియు, చెద పట్టినదేమో యని కనిపెట్టి చూచునదియు గృహిణియే. కాని ఆ కొయ్యను అంగుళము కోయవలసివచ్చినను, గరుకుదేరిన అంచును నునుపు చేయవలసివచ్చినను, వన్నె తగ్గిన బల్లకు మెరుగు పెట్టవలసివచ్చినను మనము వడ్రంగి రాకకై ఎదురుచూచుచు కూర్చుందుము. వానకాలమున ఉబ్బిన తలుపు సంక్రాంతి దాటినను సరిగా మూతపడదు. కాలు వదులైన పీట మరమ్మతునకు నోచుకొనక అటక యెక్కును.

ఇప్పుడు చేతబట్టి పనిచేయదగిన విద్యుత్తు పనిముట్లు చిన్న పట్టణములందును దొరకుచున్నవి. వానిలో పెక్కింటి బరువు ఇస్త్రీపెట్టె బరువును మించదు. ఇస్త్రీపెట్టెను నడుపగల చేయి వీనిని నడుపలేకపోదు. అయితే కొనబోవునప్పుడు దుకాణదారు అడుగు మొదటి ప్రశ్నయే మనలను నిలువరించును: “వైరు ఉన్నది కావాలా అమ్మా, బ్యాటరీది కావాలా?” ఈ ప్రశ్నకు మేమును ఒకప్పుడు సమాధానము చెప్పలేక తెల్లబోయితిమి. పిమ్మట ఒక ఉయ్యాల మూలమున కొంత నేర్చుకొంటిమి. ఆ నేర్చినదానిని సోదరీమణులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఉయ్యాల కథ

మా అమ్మాయి పురిటికి రానుండెను. మా ఇంట నాలుగు తరముల బిడ్డలు నిదురించిన టేకు తొట్టి యుయ్యాల యొకటి కలదు. దాని కోళ్లకును అడ్డకర్రలకును లక్క మెరుగు మాత్రమే యుండెను. పక్కపలకలు నాలుగింటికి మాత్రము ఎవరి కాలమున వారు రంగులు పూయించిరి. పైన నీలము, దాని క్రింద ఆకుపచ్చ, ఆ క్రింద పసుపు. రంగు పెచ్చులు లేచియుండెను. బారసాలనాటికి దానిని క్రొత్తదానివలె చేయవలెనని మా అత్తగారి కోరిక. మేమును ఉత్సాహముతో మా మేనల్లునివద్దనుండి నునుపుచేయు యంత్రమును అరువు తెచ్చి, వెనుక పంచలో తొట్టిని బోర్లించి, పనికి సిద్ధమైతిమి.

ఆ సమయమున మా పొరుగున నుండు రసాయనశాస్త్రోపాధ్యాయిని గోడమీదుగా చూచి కేక వేసినది. “వదినగారూ, ఆగండి! ఆ రంగు ఎప్పటిది?” అరువది యేండ్లనాటిదని చెప్పితిమి. “అయితే మిషను పెట్టకండి. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంది” అని ఆమె మాచేత యంత్రమును క్రింద పెట్టించినది.

ఆమె చెప్పినది సోదరీమణులందరును తెలిసికొనదగిన విషయము. పాతకాలపు ఎనామెలు రంగులలో, అందును పసుపు, ఎరుపు, ఆకుపచ్చ వంటి నిండు వన్నెలలో, సీసము కలుపుట వాడుక. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని ప్రభుత్వము 2016లో నియమము చేయగా, అది 2017 నవంబరు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందటి రంగులో సీసమున్నదో లేదో ప్రయోగశాలలో పరీక్షింపక కంటితో చెప్పలేము. అట్టి రంగు గోడకు అంటియున్నంతకాలము కొంత నయము. దానిని యంత్రముతో రాచితిమేని కంటికి కానరాని ధూళియై ఇల్లంతయు వ్యాపించును. నేలమీద పాకు బిడ్డ ఆ ధూళిని చేతులనుండి నోటికి తీసికొనును. గర్భిణి పీల్చిన సీసము గర్భస్థశిశువునకును చేరును. అది బిడ్డల మెదడు ఎదుగుదలను కుంటుపరచును. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచారోగ్య సంస్థ వచించుచున్నది.

కావున ఏ యంత్రము కొనవలెనన్న ప్రశ్నకు ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి గలదు: ఈ వస్తువును అసలు యంత్రముతో రాయవచ్చునా? 2017కు పూర్వపు రంగు గల తలుపును, కిటికీని, తొట్టిని పొడిగా రాయరాదు. మేము ఆ నాలుగు పలకలను మరలు విప్పి తీసి, మందమైన ప్లాస్టిక్కులో చుట్టి అటకపై పెట్టితిమి. “పొయ్యిలోకైనా పనికిరావా?” అని మా అత్తగారు అడిగిరి. అట్టి కొయ్యను కాల్చుటయు ప్రమాదమే. సీసము పొగలోను బూడిదలోను చేరును. పాత కోళ్లనట్లే యుంచి, క్రొత్త టేకు పలకలు నాలుగు చేయుటకు నిశ్చయించుకొంటిమి. పలకలు కోయుట, నునుపు చేయుట, మెరుగు పెట్టుట, ఈ మూడు పనులును మా పాలబడినవి. తీగ గల యంత్రమునకును తీగ లేని యంత్రమునకును గల భేదము అప్పుడే మాకు చక్కగా బోధపడినది.

యంత్రముల పూర్వవృత్తాంతము

చేతబట్టు విద్యుత్ యంత్రములలో మొదటిది రంధ్రములు చేయు బరమా. జర్మనీ దేశమున స్టుట్‌గార్టు నగరమందలి ఫైన్ కంపెనీవారు 1895లో దానిని నిర్మించిరి. చేతబట్టి నడుపు చక్రపు రంపమునకు మూలము చెరకుతోట యనిన సోదరీమణులు ఆశ్చర్యపడుదురు. అమెరికాయందలి లూసియానా సీమలో కూలీలు కత్తులతో చెరకు నరకుచు పడు శ్రమను చూచి, ఎడ్మండ్ మిషెల్ అను నతడు కత్తికి మోటారును చిన్న రంపపుచక్రమును తగిలించి ప్రయత్నము చేసెనట. ఆ ప్రయత్నమే 1924 నాటికి వడ్రంగుల రంపముగా మారినది.

వంకర కోతలు కోయు జిగ్‌సా కథ మరింత ముచ్చటైనది. 1946లో స్విట్జర్లాండు దేశపు ఆల్బర్ట్ కాఫ్‌మన్ అను ఇంజనీరు తన భార్య కుట్టుమిషనులో సూది తీసివేసి, దాని స్థానమున రంపపుబద్ద నమర్చి చూచెనని చెప్పుదురు. కుట్టుమిషను సూది పైకిని క్రిందికిని ఆడునట్లే నేటికిని జిగ్‌సా బద్ద ఆడుచున్నది. మిషను కుట్టు వచ్చిన స్త్రీకి జిగ్‌సా పని పరాయిది కాదని దీనివలన తెలియగలదు. గీత వెంబడి బట్టను నడుపుటకు బదులు గీత వెంబడి యంత్రమును నడుపుటయే భేదము.

తీగ లేని బరమాను బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీవారు 1961లో వెలువరించిరి. 1971లో అపోలో 15 నౌకలో చంద్రునిపైకి వెళ్లినవారు బ్యాటరీతో నడుచు బరమాతోనే ఆ నేలను తొలిచిరి. అక్కడ తీగ తగిలించుటకు చోటెక్కడిది? అయినను ఆనాటి నికెల్ కాడ్మియం బ్యాటరీలు బరువెక్కువ, సత్తువ తక్కువ. 1991లో అమ్మకమునకు వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ ఈ స్థితిని మార్చినది. దానికి కారకులైన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురికి 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. మన చేతి టెలిఫోనులో నున్నదియు రంపములో నున్నదియు ఆ జాతి బ్యాటరీయే.

బావియు, బిందెయు

రెండు విధముల యంత్రములకు గల ముఖ్యభేదమును ఒక్క మాటలో చెప్పవచ్చును. తీగ గల యంత్రము బావిగట్టున నిలిచి నీరు తోడుకొనుట వంటిది. నీటికి కొదువ లేదు గాని గట్టు విడిచి పోవుటకు వీలులేదు. తీగ లేనిది బిందె చంకనిడుకొని పోవుట వంటిది. ఎచ్చటికైనను పోవచ్చును గాని బిందెలో నున్నంతవరకే నీరు.

బిందె యెంతటిదో తెలిసికొనుట కష్టము కాదు. బ్యాటరీమీద రెండంకెలు వ్రాసియుండును. ఒకటి వోల్టులు, రెండవది ఆంపియర్ గంటలు. ఆ రెంటిని గుణించిన వాట్ గంటలు వచ్చును. 18 వోల్టులు, 2 ఆంపియర్ గంటల బ్యాటరీలో 36 వాట్ గంటల శక్తి యుండును. 5 ఆంపియర్ గంటలదానిలో 90 యుండును. 300 వాట్ల చొప్పున శక్తిని తినివేయు యంత్రమునకు మొదటిది 7 నిమిషములకును, రెండవది 18 నిమిషములకును సరిపోవును. యంత్రము ఎల్లప్పుడు నిండు బలముతో నడువదు గనుక వాడుకలో ఇంతకంటె కొంత హెచ్చు కాలమే వచ్చును. అయినను లెక్క తీరు ఇట్టిదే.

ఇంకొక మాట. ఒక పెట్టెపై 18 వోల్టులనియు, మరియొకదానిపై 20 వోల్టులనియు వ్రాసియుండును. 20 వోల్టులది బలమైనదని భ్రమపడరాదు. రెంటను అయిదేసి బ్యాటరీ గదులే వరుసగా నుండును. నిండుగా చార్జి చేసిన క్షణమున 20 వోల్టులు, పనిచేయునప్పటి సగటు 18 వోల్టులు. సరకు ఒక్కటే, పేరు వేరు.

రంపపు పని

పలకలను మా పెరటిలో వేపచెట్టు క్రింద కోసితిమి. అక్కడికి విద్యుత్తు రాదు. మా మేనల్లునివద్ద నున్న తీగ లేని చక్రపు రంపముతో పొడవు కోతలును, జిగ్‌సాతో పలకల పైఅంచున వంపు కోతలును ముగించితిమి. ఒక్కొక్క కోత నిమిషము పట్టలేదు. పలకలన్నియు కోసినను బ్యాటరీలో సగము మిగిలెను. తీగ రంపము నోట పడునేమో యన్న దిగులు లేదు. మధ్యలో కరెంటు పోయినను పని నిలువలేదు. ఇంటిపట్టున అప్పుడప్పుడు కోయుకోతలకు తీగ లేని రంపము మిక్కిలి అనుకూలమని మా అభిప్రాయము.

కాని దినమంతయు మందపు దూలములు కోయువారికి సంగతి వేరు. 1,200 వాట్లు గల తీగ రంపము అలసట యెరుగదు. ఇల్లు కట్టించునప్పుడు వడ్రంగులు దానినే తెచ్చుటకు కారణమిదియే. ఈ నడుమ బ్యాటరీలు నాలుగైదు వెంటబెట్టుకొని తీగ లేనివానితోనే పనిచేయు వడ్రంగులును గలరు. వారి రాబడికి అది గిట్టును. మన యింటి యవసరమునకు గిట్టదు.

రంపమును నడుపునప్పుడు పలకను రెండు వైపుల ఆనించి, కోసిన ముక్క స్వేచ్ఛగా క్రింద పడునట్లు చూచుకొనవలెను. కోతసందు మూసికొని చక్రమును బిగబట్టినయెడల రంపము ఒక్కుమ్మడిగా వెనుకకు, మనవైపునకు తన్నును. అందుచే రంపమునకు నేరుగా వెనుక నిలువరాదు, ప్రక్కగా నిలువవలెను. రాళ్లు కోయు యంత్రమునకును, ఇనుము రాయు చిన్న గ్రైండరుకును కొయ్యకోత చక్రము తగిలించి వాడుట కొందరి అలవాటు. గ్రైండరు నిమిషమునకు 11,000 చుట్లు తిరుగును. కొయ్య కోయుటకు తగిన కవచము దానికి లేదు. ఎంతటి నేర్పరి చేసి చూపినను సోదరీమణులు దీనిని అనుసరింపవలదని మా మనవి.

నునుపు పని

పలకలు నునుపు చేయుటకు ఉప్పుకాగితపు బిళ్ల గుండ్రముగా తిరుగుచు అటునిటు అల్లాడు సాండరును వాడితిమి. బిళ్ల కొలత 125 మిల్లీమీటర్లు. మొదట 80 అంకె గల కాగితము, తరువాత 120, చివరకు 180. అంకె పెరిగినకొలది కాగితము మెత్తన. మధ్యఅంకెను దాటవేసిన గీతలు మిగిలిపోవును. మెరుగు పెట్టిన వెనుక అవి మరింత స్పష్టముగా కానవచ్చును.

ఇచ్చట తీగ లేని యంత్రము మమ్ము అలయించినది. నాలుగు పలకలు, పలకకు రెండు ముఖములు, ముఖమునకు మూడు కాగితములు, మొత్తము ఇరువదినాలుగు మారులు రాయవలసియుండెను. చిన్న బ్యాటరీ పావుగంట కాకమునుపే నిలిచిపోయెను. దానిని చార్జి చేయుటకు గంట పట్టెను. అరగంట పని చేసి రెండు గంటలు కూర్చుంటిమి. పైపెచ్చు బ్యాటరీ బరువు యంత్రమునకు వెనుకభాగమున చేరుటచే మణికట్టు నొచ్చెను. రెండవనాడు తీగ గల సాండరును అద్దెకు తెచ్చి పంచలో కూర్చుండి రెండు గంటలలో పని ముగించితిమి. దానికి ధూళిని పీల్చు యంత్రపు గొట్టమునుగూడ తగిలించితిమి. ఎట్లును గొట్టము వెంట నుండునప్పుడు తీగ లేకపోవుటవలన కలుగు లాభమేమి?

నునుపు పనియొక్క స్వభావమే యిట్టిది. రంపము క్షణములో ముగించును. సాండరు ఎడతెగక తిరుగవలెను. నిమిషములలో తేలు పనికి తీగ లేనిది, గంటలు సాగు పనికి తీగ గలది అను సూత్రమును మేము ఆనాడే నేర్చితిమి.

కోళ్లు బిగించుటకు వచ్చిన మా ముసలి వడ్రంగి మా పని చూచి, “అమ్మగారూ, నొక్కకండి. మిషను బరువే దానికి చాలు. నొక్కితే గుండ్రటి గీతలు పడతాయి” అని హెచ్చరించెను. అతని మాట అక్షరాల నిజము. నొక్కినయెడల బిళ్ల అల్లాట తగ్గి కొయ్యలో సుడిగీతలు పడును, మోటారు వేడెక్కును. చివరిసారి మాత్రము చేతితో, కొయ్యనార వెంబడి, మెత్తని ఉప్పుకాగితముతో రాచిన అందము వచ్చును.

కొయ్యధూళి మంచిది కాదు. ప్రపంచారోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మనుష్యులకు క్యాన్సర్ కలిగించు వస్తువులలో చేర్చినది. టేకు ధూళి కొందరి చర్మమునకు దురదయు దద్దురును కలిగించును. కావున ఆరుబయట పనిచేయవలెను. ఎన్‌95 ముసుగు ధరింపవలెను. పని ముగిసిన వెంటనే తలస్నానము చేసి బట్టలు మార్చుకొనిన పిమ్మటనే పిల్లల నెత్తుకొనవలెను. ధూళిని చీపురుతో ఊడ్చిన గాలిలో లేచును. తడిగుడ్డతో తీయుట మేలు.

మెరుగు పని

మెరుగుయొక్క రహస్యము రాపిడి వేడియే. అనకాపల్లి జిల్లాయందలి ఏటికొప్పాక గ్రామమున బొమ్మలు చేయువారు అంకుడుకర్రను తరిమెనపై త్రిప్పుచు లక్క కడ్డీని దానికి అదుముదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యను పూతవలె అంటుకొనును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేడి తక్కువైన పూత అంటుకొనదు, ఎక్కువైన మాడును. పాలిషు యంత్రమునకును ఇదియే న్యాయము. కావున వేగమును హెచ్చుతగ్గులు చేయగల యంత్రమునే కొనవలెను. మైనపు పాలిషుపై ఉన్నిమెత్తతో అతి తక్కువ వేగమున తిప్పినచాలును.

పెద్ద భోజనపుబల్లకో, మోటారుకారునకో మెరుగు పెట్టవలెనన్న తీగ గల యంత్రమే తగినది. అది గంటలు పట్టు పని. మందసము, పీట, చిత్రపటపు చట్రము వంటి చిన్న వస్తువులకు తీగ లేనిది చాలును. ఉయ్యాలకు మాత్రము మేము యంత్రమును వాడలేదు. లక్కను స్పిరిటులో కరగించి, మెత్తని గుడ్డ యుండతో పలుచని పూతలు ఆరింటిని చేతితోనే వేసితిమి. ఆరిన లక్క బిడ్డ నోట పెట్టినను భయము లేదు. మందుబిళ్లలపైనను మిఠాయిలపైనను అట్టి పూతయే పూయుదురు. స్పిరిటు ఆవిరి అగ్గిపుల్లవలె అంటుకొనును. మోటారులలో నిప్పురవ్వలు పుట్టుచుండును గనుక స్పిరిటు పాలిషు దగ్గర ఏ యంత్రమును నడుపరాదు.

అవిసెనూనె వాడువారికి ఇంకొక హెచ్చరిక. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడవేసిన వానియంతట అవియే వేడెక్కి రాజుకొనగలవు. వానిని విప్పి ఆరుబయట పరచి ఆరనీయవలెను, లేదా నీట ముంచవలెను.

ఏది అపాయకరము?

తీగ గలదానివలన షాకు భయము, తీగ లేనిదానివలన అది లేదు, కావున రెండవది క్షేమమని కొందరందురు. ఇది సగము నిజము. తీగ గల యంత్రముపై ఒక చదరములో మరియొక చదరము గల గుర్తున్నదేమో చూడవలెను. రెండుపొరల రక్షణ గలదనుటకు అది చిహ్నము. ఇంటి విద్యుత్తు పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి రక్షణ మీట యుండవలెను. చుట్టలో నున్న పొడిగింపు తీగను పూర్తిగా విప్పి వాడవలెను. చుట్టినట్లే వాడిన అది వేడెక్కి కరగును. పెద్ద రంపమును చిన్న ప్లగ్గులో పెట్టక 16 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టవలెను.

తీగ లేని యంత్రముయొక్క అపాయము వేరు. ప్లగ్గు తీసిన తీగ గల యంత్రము నిర్జీవము. తీగ లేనిదానికి ప్లగ్గు లేదు. బ్యాటరీ యున్నంతసేపు అది మేలుకొనియే యుండును. అలమారలో పెట్టినను పిల్లవాని చేతికి దొరకినయెడల తిరుగును. కావున బద్ద మార్చునప్పుడును, పక్కన పెట్టునప్పుడును బ్యాటరీని ఊడదీసి వేరుచోట దాచవలెను. ఈ యొక్క అలవాటు ఇంటిలో పిల్లల వ్రేళ్లను కాపాడును.

మన వేషముగూడ పనికి తగినట్లుండవలెను. పైటకొంగు బిగించి దోపుకొని, జడను ముడివేసి, గాజులు తీసివైచి, కండ్లకు అద్దములు, చెవులకు రక్షణ ధరింపవలెను. చేతితొడుగులు మాత్రము తిరుగు రంపమువద్ద వలదు. అవి చిక్కుకొని చేతిని లోనికి లాగును.

కొనుటకు ముందు

ఒక కంపెనీ బ్యాటరీ మరియొక కంపెనీ యంత్రమునకు అమరదు. మొదటి బ్యాటరీతోనే ఆ కంపెనీకి మనము కోడండ్రమైనట్లు. కావున ఒక్క యంత్రమును చూచి కొనక, ఆ బ్యాటరీకి అమరు రంపము, సాండరు, బరమా మన ఊర దొరకునా, మరమ్మతు చేయువారు కలరా యని విచారింపవలెను. వాడినను వాడకున్నను బ్యాటరీ కొన్ని యేండ్లకు ముసలిదగును. తీగ గలదానికి కార్బను బ్రష్షులు మార్చిన చాలును. అది పదిపదునైదేండ్లైనను మన్నును. డబ్బు లెక్కలో తీగ గలదే చౌక.

బ్యాటరీకి మన యెండలు గిట్టవు. రోహిణీ కార్తెలో కారులో విడువరాదు. పనిచేసి వేడిగా నున్నప్పుడు వెంటనే చార్జి పెట్టరాదు. నెలలతరబడి వాడనియెడల సగము చార్జితో చల్లని చోట నుంచవలెను. పాడైనదానిని చెత్తబుట్టలో వేయరాదు. 2022 నాటి నియమముల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి తీసికొను బాధ్యత తయారుచేయువారిదే.

అమెరికాలో నున్న బిడ్డలు పనిముట్లు తెచ్చు ఇండ్లు నేడు మన సీమలో తక్కువ కావు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. అక్కడి తీగ యంత్రమును ఇక్కడ తగిలించిన క్షణములో కాలిపోవును. బ్యాటరీ యంత్రము పనిచేయును గాని దాని చార్జరుపై 100 మొదలు 240 వరకు వోల్టులు వ్రాసియున్నదేమో చూడవలెను. విడి బ్యాటరీలను విమానమున చేతిసంచిలోనే తేవలెను. 100 వాట్ గంటలకు లోబడినవానికి సామాన్యముగా ఆటంకము లేదు.

ముగింపు

మా నిర్ణయము ఇట్లున్నది. ఒక్కటే కొనగల ఇంటికి తీగ గల సాండరు. చౌక, చిరకాలము మన్నును, అన్నిటికంటె శ్రమ తప్పించునది అదియే. రెండవది కొనగలిగిననాడు తీగ లేని జిగ్‌సా. పెద్ద పాలిషు యంత్రమును అద్దెకు తెచ్చుకొనుట మేలు. కూసము పట్టించి అతుకులు కూర్చు నేర్పు ఏ యంత్రమునకును లేదు; అది వడ్రంగి సొత్తు. మనము నేర్చినది అతని పనిని తెలిసి గౌరవించుటకును తోడ్పడును.

బారసాలనాడు ఆ తొట్టిలో పాత కోళ్ల నడుమ క్రొత్త పలకలు మెరయుచుండగా మా మనుమరాలిని పరుండబెట్టితిమి. మా అత్తగారు పలకను అరచేతితో నిమిరి, “ఇది ఎవరు చేశారు?” అని అడుగవచ్చినవారికెల్ల మమ్ము చూపించిరి. ఆ నునుపు యంత్రముదైనను, ఆ పాత రంగుపై యంత్రము పెట్టక ఆగిన చేయి మాత్రము మాదే. సోదరీమణులును పనిముట్టు పట్టుటకు జంకవలదు. పట్టుటకు ముందు వస్తువును ఎరుగుట మరువవలదు.